డబ్బా మీద పేరు

బెంగళూరులో ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది, పైకి వెళ్లేకొద్దీ గాలి ఎంత చల్లబడుతుందో కొలిచే పరికరాన్ని నేనే తయారుచేశాను. బెలూన్‌కు కట్టే ఆ థర్మకోల్ డబ్బా మీద, దొరికినవాళ్లు ఫోన్ చేసేందుకు నా పేరు, నంబరు రాశాను. ఎగరేసే ఉదయం చూస్తే, టీమ్ లీడర్ కిరణ్ వాటి మీద తన పేరు, నంబరు అంటించేశాడు. ఒళ్లు మండుతూనే డబ్బాను బెలూన్‌కు కట్టాను.

మర్నాడు డబ్బా దొరికిందని ఫోన్ రాగానే కిరణ్ గొప్పగా కాలేజీ అడ్రసు చెప్పాడు. ఊరి శివారు వర్తూరు నుంచి ఒక పెద్దాయన డబ్బాతో, మేమున్న మా ప్రాజెక్టు సార్ గదికే వచ్చాడు.

"కిరణ్ అంటే ఎవురప్పా? ఇది పడి మా మిద్దె మింద సోలార్ హీటర్ పగిలిపోయుండాది!"

కిరణ్ నా వైపు వేలు చూపించి, "ఇదంతా కవితే చేసింది సార్!" అన్నాడు.

ఏడాదిగా అతని నోట నేను వినాలనుకున్న మాట!

"పేరు ఎవరిదుందో చూడండి సార్," అన్నాను.

కిరణ్ మీద జాలి పడాల్సిందేమో. ఇప్పటికీ పడలేదు.