నూట పదహారో వాంగ్మూలం

కౌసల్యక్క పందొమ్మిదేళ్ళు ముసలివాళ్ళ హోమ్‌లో పనిచేసింది. ఆ పందొమ్మిదేళ్ళలో ఆమె నడుం మూడుసార్లు పట్టేసింది. ఎడమ మణికట్టు రెండుసార్లు బెణికింది. మతిలేని పెద్దాయన ఒకాయన విసిరిన పళ్ళెం తగిలి కనుబొమ్మ చీరుకుపోయింది. పనిలో దెబ్బ తగిలితే రాయడానికి అక్కడో రిజిస్టర్ ఉంటుంది. అందులో ఆమె పేరు మీద ఒక్క అక్షరం లేదు.

నేను ఆమె పక్కింటిదాన్ని. సిడ్నీ శివార్లలో, క్వేకర్స్ హిల్‌లో మా రెండిళ్ళ మధ్య ఒక రేకు కంచె, దాని మీదుగా పద్నాలుగేళ్ళ స్నేహం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆమెకి అసలు లేదు. అందుకే కుదిరింది.

ఎందుకు రాయలేదు అంటే, తథాస్తు దేవతలకి భయపడి. నవ్వకండి. దీపం ఆరిందనకుండా కొండెక్కిందంటాం, వెళ్తాననకుండా వెళ్ళొస్తానంటాం, మనందరిలోనూ ఆ భయం కాస్తో కూస్తో ఉన్నదే. తునిలో వాళ్ళ నాయనమ్మ దగ్గర పెరిగిన అక్కకి అది ఎముకల్లోకి దిగిపోయింది. తలనొప్పి వచ్చినా నొప్పి అనదు, "తల కాస్త పలకరిస్తోందే" అంటుంది. నోటితోనే అననిది, కాగితం మీద పెడుతుందా? పైగా కొత్తగా పనిలో చేరిన పిల్లలకి, నేపాలీలు, ఫిజీవాళ్ళు, మన ఖమ్మం పిల్ల ఒకతె, అందరికీ అదే నేర్పింది. చెడు రాయకండి, రాస్తే అవుతుంది అని.

హోమ్‌లో ఉన్న ముసలివాళ్ళ గురించి రోజూ రాసే చీటీల్లోనూ అంతే. బాగా తిన్నారు, బాగా నిద్రపోయారు, సంతోషంగా ఉన్నారు. ఈ మూడు ముక్కలే. విచిత్రం ఏమిటంటే ఆమె చూసే వరసలో మంచాలు ఖాళీ అయ్యేవి కావు. వారం కూడా బతకదని డాక్టరు చెప్పిన ఒక ముసలావిడ, అక్క రాతల కింద నాలుగేళ్ళు బతికింది. భర్త శేషగిరిగారు పోయినప్పుడు అక్క పదిరోజులు సెలవు పెట్టింది. మూడోరోజు వేరే పిల్ల ఆ ముసలావిడ చీటీలో "చాలా నీరసంగా ఉన్నారు" అని రాసింది. తెల్లారేసరికి ఆవిడ లేదు. అక్క ఈ సంగతి చెప్పినప్పుడు నేను పకపకా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అరవై ఒకటో ఏట నడుం పూర్తిగా మొరాయించింది. ఉద్యోగం పోయింది. వయసు పెన్షన్‌కి అరవై ఏడు నిండాలి. వైకల్యం పెన్షన్‌కి పెట్టుకుంటే, పరీక్షించడానికి వచ్చినాయన మర్యాదగా ఎలా ఉన్నారని అడిగాడు. ఈవిడ "మీ దయవల్ల బాగానే ఉన్నానండీ" అంది. ఫోన్‌లో ఉన్న దుబాసీ దాన్ని పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పాడు. పాత దెబ్బలకి కాగితాలూ లేవు. అర్జీ తిరిగొచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కానీ, ఆఫీసు ఊరు కాదు కదా.

ఆ మర్నాడే ఆమె హోమ్‌కి ఎదురుగా ఉన్న ఇళ్ళలో బట్టలు ఇస్త్రీ చేసే పని వెతుక్కుంది. నిలబడలేక కుర్చీలో కూర్చుని ఇస్త్రీ చేసేది. చూసి నాకు కడుపు మండిపోయింది.

సరిగ్గా అప్పుడే కాన్‌బెర్రాలో ఒక కమిటీ పెన్షన్ల మీద కొత్త ప్రతిపాదనలు తెచ్చింది. మనుషుల్ని ఎత్తి దించే పనిలో ఒళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకి అరవై రెండుకే పెన్షన్ ఇవ్వాలని ఒకటి. దెబ్బలకి రిజిస్టర్ కాగితం లేకపోయినా తోటి పనివాళ్ళ సాక్ష్యం చాలని రెండోది. రెండూ మా అక్క కోసమే రాసినట్టున్నాయి. జనం తమ అనుభవాల్ని వాంగ్మూలాలుగా పంపమన్నారు. నేను పనిచేసే లైబ్రరీలోనే దాని మీద మీటింగు జరిగింది. ఎలా రాయాలో చెప్పడానికి వచ్చినావిడ ఒకటే మాట పదిసార్లు చెప్పింది. మీ మంచిరోజు గురించి రాయకండి, అతి చెడ్డరోజు గురించి రాయండి అని.

సాయంత్రం కాగితాలు పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాను.

"అక్కా, నీ వరస్ట్ డే ఏదో చెప్పు. నేను ఇంగ్లీషులో పెడతా."

"సంజెవేళ ఆ మాటలెందుకే హరిప్రియా? టీ తాగు."

"టీ తర్వాత. చెప్పకపోతే ఈసారి కూడా రిజెక్టే."

"నీకు తోచింది రాసుకో. నేను మాత్రం నోట్లోంచి అనను. చదవను కూడా. సంతకం పెడతా, అంతే."

అలాగే అని నాకు తోచింది రాశాను. ఇంటికెళ్ళి, కంప్యూటర్ ముందు కూర్చుని, రిజిస్టర్‌లో ఏమీ లేని సంగతి ముందు రాసి, ఆ కింద ప్రభుత్వం మీద కసి అంతా పోసి నాలుగు వాక్యాలు పెట్టాను. ఒకటి, నా కుడిచెయ్యి కప్పు కూడా పట్టలేదు. రెండు, స్నానాలగదిలో పడిపోయి, పట్టుకున్న తువ్వాలు కమ్మీ గోడలోంచి ఊడి చేతికొస్తే, గంటన్నర లేవలేకపోయాను. మూడు, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతే వంటిల్లు పొగతో నిండింది. నాలుగోది రాసేటప్పుడు ఒక్క క్షణం ఆగాను. ఆగి కూడా రాశాను. నా కన్నకూతురు ఎదురుగా నిలబడినా ఎవరో పోల్చుకోలేని రోజు వచ్చింది.

అప్పటికి ఈ నాలుగింటిలో ఒక్కటీ జరగలేదు. ఆమె ఎడమచేతి వేళ్ళు తిమ్మిరెక్కేవి, కుడిచెయ్యి నిక్షేపంలా ఉండేది. మతిమరుపు అసలే లేదు. ఆమె చదవకుండా సంతకం పెట్టింది. మా వాంగ్మూలానికి వచ్చిన నంబరు నూట పదహారు. "శుభమే, కట్నాల లెక్క" అని మురిసిపోయింది.

రెండు వారాలకి, కంచె మీదుగా నాకు టీ అందిస్తూ, కప్పు వదిలేసింది. కుడిచేతిలోంచి. ఆ చేతిని తిప్పి తిప్పి చూసుకుని, "ఇదేమిటే, ఇది నా చెయ్యిలా లేదు" అంది. నాకు నవ్వు రాలేదు. కాకతాళీయం అని నాకు నేను చెప్పుకున్నాను.

మే నెలలో ఒక శనివారం ఉదయం బెల్లు కొడితే తలుపు తీయలేదు. నా దగ్గరున్న తాళంతో వెళ్ళాను. స్నానాలగదిలో నేల మీద ఉంది. స్పృహలోనే ఉంది. చేతిలో తువ్వాలు కమ్మీ, దాని చివర గోడ సున్నం. ఎంతసేపయిందక్కా అంటే, "ఏడున్నరకి వచ్చానే స్నానానికి" అంది. గోడ గడియారం తొమ్మిది చూపిస్తోంది. ఆమెని లేపడానికి వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. ఆ కమ్మీ సంగతి నేను ఎక్కడా చూసి రాసింది కాదు. ఊరికే, నమ్మశక్యంగా ఉంటుందని కల్పించింది.

పాలు మాడిన వాసన మా ఇంట్లోకి వచ్చింది జూన్ మొదటివారంలో. పరుగెత్తుకెళ్ళి పొయ్యి ఆపాను. పొగలో అక్క తాపీగా కూర్చుని కరివేపాకు దూస్తోంది.

ఇక మిగిలింది నాలుగోది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కమిటీ ఆఫీసుకి ఫోన్ చేశాను. అందులో అబద్ధాలున్నాయి, వెనక్కి తీసుకుంటామని చెప్పాను. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, అది స్వీకరించడం అయిపోయిందనీ, సంతకం పెట్టినావిడే విచారణ రోజు స్వయంగా చెప్పుకోవాలనీ అంది. మెల్‌బోర్న్‌లో, క్లేటన్ యూనివర్సిటీలో ల్యాబ్ ఉద్యోగం చేసే అమృతకి కూడా ఫోన్ చేశాను. అక్కకి ఒక్కగానొక్క కూతురు. దేవతల సంగతి ఎత్తలేదు, అమ్మ పడిపోయిందని మాత్రం చెప్పాను. విచారణ రోజుకి వస్తానంది.

విచారణకి ముందురోజు మధ్యాహ్నం అక్కకి అన్నీ చెప్పేశాను. ఏడ్చాను కూడా. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, మొదటిసారి ఆ కాగితం చదివింది. వేలు ఒక్కో వాక్యం కింద పెట్టి మెల్లిగా చదివింది. నాలుగోదాని దగ్గర వేలు చాలాసేపు కదల్లేదు.

"రేపు అబద్ధం అని చెప్పేయ్ అక్కా. నేను రాశానని చెప్పు. నీ పెన్షన్ పోతే పోయింది, నేను చూసుకుంటా."

"నా ఒక్కదాని పెన్షనైతే అలాగే చెబుదునే," అంది. "నా దగ్గర నేర్చుకున్న పిల్లలు పదకొండుమంది. ఆ ఖమ్మం పిల్లకి అప్పుడే నడుం పోయింది, ముప్ఫయ్యారేళ్ళు దానికి. రిజిస్టర్‌లో ఏం ఉంది? ఏం లేదు. నేనేగా రాయొద్దన్నాను! కాగితం లేకపోయినా పర్లేదనే ఆ రెండో ప్రతిపాదనకి సాక్ష్యంగా వచ్చింది నా వాంగ్మూలం ఒక్కటేనట. నిన్న కమిటీ ఆఫీసు వాళ్ళే ఫోన్ చేసి చెప్పారు."

"అయితే?"

"ఆలోచించుకోనీ."

విచారణ మూడింటికి అన్నారు. అక్క ఇంట్లోనే, కంప్యూటర్‌లో. మాకంటే ముందువాళ్ళు సాగదీసి సాగదీసి మా వంతు వచ్చేసరికి ఐదయింది. ఇక్కడ జూన్ అంటే చలికాలం, ఐదింటికే పొద్దు గుంకుతుంది. కిటికీ బయట వెలుతురు ఎర్రగా మారి, తర్వాత బూడిదరంగైంది. రోజూ ఆ వేళకి గోలగోలగా అరిచే చిలకలు ఆవేళ ఒక్కటీ అరవలేదు. అక్క లైటు వెయ్యనివ్వలేదు, కళ్ళకి గుచ్చుకుంటోందంది. అమృత తల్లి పక్కన కుర్చీ వేసుకుని ఆమె చెయ్యి పట్టుకుంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

తెర మీద కమిటీ అధ్యక్షురాలు, తెల్లజుట్టు మనిషి, మంచి ముఖం. ఏ ఒక్క వాక్యం నిజం కాకపోయినా ఇప్పుడే చెప్పమనీ, అప్పుడు వాంగ్మూలం మొత్తం పక్కన పెట్టాల్సి ఉంటుందనీ చెప్పింది. దుబాసీ గొంతు దాన్ని తెలుగులో చెప్పింది. తర్వాత ఆమె ఒక్కో వాక్యం చదివి నిజమేనా అని అడగసాగింది.

చెయ్యి. "నిజమేనండీ," అంది అక్క. "నోటెడ్," అంది అధ్యక్షురాలు.

స్నానాలగది. నిజమే. నోటెడ్.

పాలు. నిజమే. నోటెడ్.

నాలుగోది చదివింది. నేను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను, కాదను, కాదను అని. ఆమె నావైపు చూడలేదు. అమృత వైపు తిరిగింది. ఆ పిల్ల నుదురు, ముక్కు, చెవి పక్కన చిన్నప్పటి గాటు, ఒక్కొక్కటీ తడిమి తడిమి చూసింది. పరీక్షకి వెళ్ళబోయే పిల్లలు ఆఖరి పేజీ అలా చూస్తారు. జన్మలో తన గురించి ఒక్క చెడ్డమాట పలకని మనిషి, తెర వైపు తిరిగి గట్టిగానే అంది.

"నిజమేనండీ."

"నోటెడ్," అంది అధ్యక్షురాలు. ధన్యవాదాలు చెప్పి వెళ్ళిపోయింది. తెర నల్లబడింది.

అమృత రెండు చేతులూ తల్లి మెడ చుట్టూ వేసింది. "అమ్మా, యు వర్ బ్రిలియంట్! సో ప్రౌడ్ ఆఫ్ యూ."

అక్క ఆ చేతుల్ని మృదువుగా విడిపించుకుంది. హోమ్‌లో కొత్తగా వచ్చినవాళ్ళని సముదాయించే పద్ధతి అది, నాకు తెలుసు.

"ఎవరి తాలూకు తల్లీ నువ్వు? భోంచేశావా?"

అమృత నవ్వింది. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. "అమ్మా, ఇట్స్ మీ. అమ్మూని." అక్క ప్రేమగా తల ఊపింది, ఎవరి పిల్లకైనా ఊపినట్టే. మతిమరుపు జబ్బు ఆమెలో ముందే మొదలై, నా కన్ను దాన్ని నాకు తెలియకుండా పసిగట్టి రాయించిందేమో. డాక్టర్లు తర్వాత అలాగే అన్నారు. కానీ ఆ గదిలో, ఆ వెలుతురులో, రాసింది నేనే అన్న ఒక్క సంగతే నాకు తెలుసు.

అమృత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఏమనుకుందో ఏమో, జేబులోంచి ఫోన్ తీసింది. ఇక్కడ బల్ల మీద అక్క ఫోన్ మోగింది. అక్క అందులో కూతురి పేరు చూసి, ముఖమంతా వెలుగు చేసుకుని ఎత్తింది.

"ఆఁ, అమ్మలూ! నేనా? బాగానే ఉన్నానమ్మా. ఇక్కడెవరో పిల్ల వచ్చిందే, పాపం, పెరట్లో నిలబడి ఏడుస్తోంది. ఎవరూ లేనట్టుంది దానికి. నువ్వు ఫోన్ పెట్టెయ్, కాస్త అన్నం కలిపి పెట్టి వస్తాను."