పలక మీద పోని గీత

ఆ ఏడు నా భార్య జ్వరంతో పోయింది. ఆస్పత్రికి తీసుకెళ్దామని ఆమె అన్నయ్య అడిగితే, "ఆదివారం దాకా చూద్దాం" అన్నది నేనే. ఆదివారం రాకముందే ఆమె లేదు. అప్పట్నుంచి నా తలలో ఒకే మాట: నేనే చంపాను. ఆరేళ్ళ కూతురు కమల మొహం చూడలేక, దాన్ని అమ్మమ్మకు అప్పగించి సన్యాసం పుచ్చుకుందామని నిశ్చయించుకున్నాను. మార్కాపురం దగ్గర గుట్ట కింద ఒక స్వామి ఉన్నాడని విని బయలుదేరాను. అప్పుడది కర్నూలు జిల్లా, చెన్నపట్నం సర్కారు రోజులు.

వినుకొండలో ఉదయం ఆరింటికి రైలెక్కి, తొమ్మిది దాటాక మార్కాపురం రోడ్డులో దిగాను. స్టేషన్‌కూ ఊరికీ చాలా దూరం, నడవాలనుకోకండి. జట్కా మస్తాన్ సాయిబు నన్ను ఎగాదిగా చూశాడు. "ఏంది అయ్యవారూ, మూట లేదు, గొడుగు లేదు. తిరిగి పోతారా, పోరా?" నాకే తెలియదన్నాను. "అట్లయితే రానూపోనూ మాట్లాడుకోండి, రూపాయి" అని పట్టుబట్టాడు. వాదించే ఓపిక లేక సరేనన్నాను.

స్వామి అంతా విని దీక్ష ఇవ్వనన్నాడు. "ఆ ఆలోచన వచ్చినట్ల నీకు తెలుస్తాదా?" తెలుస్తుందన్నాను. "తెలుసుకునేవాడివి నువ్వు. వచ్చేది నువ్వు కాదు. దాన్ని తరమొద్దు, దాని ఎంబడి పోవద్దు. చూస్తా కూసో." బళ్ళో పాఠాలు చెప్పేవాణ్ణి, చూసేవాడు ద్రష్ట, వచ్చిపోయేది చిత్తవృత్తి, ఈ మాటలు నాకు కొత్త కాదు. అరగంట కళ్ళు మూసుకున్నాను. చూడటం మాట అటుంచి, ఆ మాట నన్నే మింగేసింది. ఒళ్ళు మండి లేచి వచ్చేశాను.

తిరుగుదారిలో మధ్యాహ్నం సాయిబు గుర్రానికి గడ్డి వెయ్యడానికి ఒక పలకల షెడ్డు దగ్గర ఆపాడు. లోపల రూతమ్మ అనే నడివయసు కూలిమనిషి కొత్త పలకలు సరిచూస్తోంది. ప్రతి పలక మీదా బలపంతో తోచింది రాసి, తడిగుడ్డతో తుడిచి, దొంతిలో పెడుతోంది. వాన, కోడి, ఉప్పు, ఎవరిదో పేరు. ఏ మాట దగ్గరా ఆమె చెయ్యి ఆగలేదు. "ఊరికే నిలబడినారు, మీరూ ఒకటి చూడండి" అని ఒక పలక ఇచ్చింది. నేను రాశాను: నేనే చంపాను.

మిషను బడిలో చదువు నేర్చిన మనిషి, అది చదివి బిత్తరపోయింది. "ఎవర్ని, అయ్యవారూ?" చెప్పాను, ఆదివారం మాటతో సహా. ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆమె ఓదార్చలేదు. పలకను నా ఎదురుగా గోడకు ఆనించి, తన పనిలో పడింది. ఆ రెండు మాటల్నీ చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. అవి అక్కడున్నాయి, నేను ఇక్కడున్నాను. గుట్ట కింద కళ్ళు మూసుకుంటే దొరకనిది ఇదే. కాసేపటికి రూతమ్మ వచ్చి తుడిచింది. అక్షరాలు పోయాయి, నొక్కి రాసిన చోట ఒక గీత మాత్రం నిలిచిపోయింది.

"ఇంత బలంగా నొక్కుతారా? ఇది ఇంక పోదు. అమ్మకానికి పనికిరాదు, తీస్కపోండి. ఇంట్లో బిడ్డలుండారా?"

"ఒక ఆడపిల్ల."

"ఆ పిల్లకియ్యండి. గీత ఉంటే ఏమైతాది, రాసుకోవచ్చు."

తప్పు నాదే, ఇవాళ్టికీ అదే అంటాను. ఆ మాట ఇప్పటికీ వస్తుంది. వచ్చిందని తెలుస్తుంది, కాసేపుండి పోతుంది. కమల ఆ పలక మీదే ఓనమాలు దిద్దింది. "ఈ గీతేంటి నాన్నా?" అని అడిగింది. "నేను గట్టిగా నొక్కాను తల్లీ" అన్నాను. అది గీత పక్కన 'అ' రాసుకుంది. మీరు మార్కాపురం వెళ్తే మాత్రం తిరుగు బండి కూడా ముందే మాట్లాడుకోండి. ఆ రోజు ఇంటికి వెళ్ళాలని నాకు తెలిసేసరికి, సాయిబు గుర్రాన్ని బండికి పూన్చి షెడ్డు గుమ్మం ముందు సిద్ధంగా ఉన్నాడు.