చిలకలు లోపలికి పోయిన నా పుస్తకం

మా చిన్నప్పుడు... సూరత్‌లోని ఉధ్నాలో మేముండే ఒక్క గదిలో మా కంటే చీరల కట్టలకే ఎక్కువ చోటు! నాన్న మగ్గాల కార్ఖానాకు వెళ్తే, అమ్మ ఇంట్లో కూర్చుని మార్కెట్ నుంచి వచ్చే చీరలు కూలికి మడతపెట్టేది. మా అన్నాలు, చదువులు అన్నీ ఆ కట్టల మధ్యనే...

మా తెలుగు బడిలో నాలుగో తరగతి టీచర్ ఒక పని చెప్పింది. ఎవరి పుస్తకం వాళ్లే తయారు చేసి తేవాలి. బొమ్మలు, రాతలు, అట్ట అన్నీ మనవే. బాగున్నవాటిని అమ్మానాన్నలు బడికి వచ్చే రోజు తాడుకు వేలాడదీస్తారట! ఇక నా కాలు నేల మీద నిలిస్తే ఒట్టు. నా పుస్తకం ఆ తాడు మీద ఉండాలి, అమ్మ చూడాలి... అంతే.

పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్ల కాగితాలు తీసి మా గల్లీ మొత్తం గీశాను. నీళ్ల ట్యాంకరు, పానీపూరీ బండి... మొదటి పేజీలో మగ్గం ముందు నాన్న. మీసం కాస్త పెద్దదే పడింది. నాన్న కంటే మీసమే ముందు కనిపించేది!

అట్టకు చీర ముక్క తీసుకున్నాం. ఎర్రటి బట్ట మీద పచ్చటి చిలకలు... అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నాయో! అమ్మ దాన్ని గంజిలో ముంచి, ఆరేసి, ఇస్త్రీ చేస్తే అట్టలాగే బిరుసెక్కింది. పొద్దున నేను జడ వేసుకునే లోపు కాగితాలు లోపల పెట్టి, దబ్బనంతో నడుమ కుట్టేసింది.

చూస్తే ఏముంది... చిలకలు మాయం! పైనంతా వెలిసిపోయిన రంగు, వేలాడే దారాలు.

"ఏందమ్మా, తిరగేసి కుట్టినవ్!"

"అయ్యో బిడ్డా... చెయ్యి అట్లనే పోయింది. చీరలను మంచి మొఖం లోపలికి మడుస్తం గదా, మురికి గాకుండ!"

విప్పితే కాగితాలు చిరుగుతాయి. బడికి టైమైంది. ఏడుస్తూనే పట్టుకుపోయాను.

"గిదేందే, నీ పుస్తకం అంగీ తిరగేసి తొడుక్కున్నదా?" అంది పక్కనే కూర్చునే స్వప్న. క్లాసంతా నవ్వులే నవ్వులు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

టీచర్ పుస్తకం తెరిచింది. ఒకవైపు ఎర్రగా చిలకలు, ఇంకోవైపు మీసంతో నాన్న! ఆమె కూడా పకపకా నవ్వేసింది.

"గిది మూసి పెడితే ఏం లాభం? తెరిచే కడదాం!"

అమ్మానాన్నలు వచ్చిన రోజు తాడు మీద అందరి పుస్తకాలూ మూసి ఉన్నాయి... నాదొక్కటే బార్లా తెరుచుకుని! వచ్చినవాళ్లంతా దాని దగ్గరే ఆగారు. నాన్న మీసం చూసి అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత నా చెవిలో గర్వంగా...

"చూసినవా? నేను గట్ల కుట్టిన గనకనే గదా నీది తెరిచి పెట్టిండ్రు!"

తప్పు తనదే, గొప్పా తనదే! ఆ రోజు నా అంత సంతోషంగా సూరత్‌లో ఎవరూ ఉండి ఉండరు.

ఇప్పుడు అదే ఊళ్లో ఆల్థాన్‌లో ఉంటున్నాం. మా ఇంటి కింద షాపులో అడిగితే చాలు, పిల్లల ప్రాజెక్టు రంగురంగుల్లో ప్రింటై వచ్చేస్తుంది. అన్నీ తళతళలాడుతూ... అన్నీ ఒక్కలాగే. మొన్న మా పాప పుస్తకం కూడా అలాగే తెచ్చాను. అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "బాగనే ఉంది గనీ... దీంట్ల నీ చెయ్యేది బిడ్డా?" అంది.

మరి మీ చిన్నప్పటి పుస్తకంలో ఎవరి చెయ్యి ఉండేది? చెప్పండి, మా పాపకు చదివి వినిపిస్తాను.