పెద్దమ్మ డబ్బా కొట్టని గంట

డిగ్రీ పట్టా చేతికొచ్చి, ఉద్యోగం మాత్రం ఇంకా రాని రోజులవి. ఆ వయసులో మనిషికి తెలిసిన విషయాలకంటే తెలుసని చెప్పుకునే విషయాలే ఎక్కువ ఉంటాయి. నాకు మరీ ఎక్కువ ఉండేవి. మొయినాబాద్ దగ్గర తోటల మధ్య కొత్తగా వెలిసిన ఒక రిసార్టులో పక్షులను చూపించే గైడు కావాలని చాయ్ హోటలు గోడకు కాగితం అంటిస్తే, ఇస్త్రీ చొక్కా వేసుకుని మొయినాబాద్ పక్కనే ఉన్న మా ఊరు హిమాయత్‌నగర్ నుంచి షేర్ ఆటోలో డ్రైవరు పక్కన సగం సీటు మీద కూర్చుని వెళ్ళాను. (మిగతా సగం నేను ఆటో బయట ప్రయాణం చేశాను.) రిసార్టు నడిపే మేడం చాలా మర్యాదస్తురాలు. "పక్షుల విషయంలో మీకేమైనా ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అని అడిగింది. "ఎనిమిదేండ్ల వయసు సంది పిట్టలతోనే ఉన్న మేడం. తెల్లారి లేస్తే వాటి మొకమే చూస్తుంటి" అన్నాను. ఆమె ముఖం విప్పారింది. చిన్నప్పటి నుంచి ఇంత ప్రేమ ఉన్నవాళ్ళు దొరకడం మా అదృష్టం అంది. నేను అబద్ధమాడలేదు. ఆ మొకాలను మంచె మీద నిలబడి, చేతిలో వడిసెల పట్టుకుని చూసేవాణ్ణనే సంగతి మాత్రం ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

మా పెద్దమ్మకు ఊరి శివారులో ఎకరం చేను ఉండేది. పెదనాన్న పోయాక ఆమె కూలికి పోతూనే ఆ ఎకరంలో ఏటా యాసంగి జొన్న వేసేది. ఏడాది పొడుగునా ఆమె తినే రొట్టె అందులోంచే రావాలి. కంకి పాలు పోసుకున్న నాటి నుంచి కోత దాకా పిట్టలతో ఆమెకు యుద్ధమే. ఆమె ఖాళీ నూనె డబ్బాను కట్టెతో బాదుతుంటే, సెలవుల్లో నేను తాడు మడతలో రాయి పెట్టి గిరగిరా తిప్పి వదిలేవాణ్ణి. గురి ఎంత బాగుండేదంటే ఊళ్ళో నా పేరు మరిచిపోయి నన్నే వడిసెల అని పిలిచేవారు. చలికాలం రాగానే ఒక పెద్ద గుంపు దిగేది. గోరింకలంత ఉంటాయి, తల నలుపు, రెక్కలు నలుపు, వీపూ పొట్టా లేత గులాబీ రంగు. వాటికి మేము విడిగా పేరేమీ పెట్టలేదు, జొన్న తినేవన్నీ మాకు జొన్నపిట్టలే. ఆదివారం చర్చిలో పాస్టరుగారు పక్షులను సైతం దేవుడే పోషిస్తున్నాడని చెప్పినప్పుడల్లా పెద్దమ్మ నా చెవి దగ్గరికి వంగి, "పోషించనీ తియ్యి. గని అన్నిటిని నా చేన్లనే ఎందుకు పోషిస్తడు" అని అడిగేది. 

ఉద్యోగంలో మొదటి ఆదివారం పన్నెండు మంది వచ్చారు. తండ్రి భుజాల మీద కూర్చున్న నాలుగేళ్ళ పిల్ల దగ్గర్నుంచి చేతికర్రతో నడిచే రిటైరైన టీచరమ్మ దాకా అన్ని వయసుల వాళ్ళూ ఉన్నారు. మేడం ఇచ్చిన పుస్తకంలోని పేర్లన్నీ వారం రోజులు కూర్చుని బట్టీ పట్టాను. కానీ ఆ పేర్లు గల పక్షులు ఒక్కటీ హాజరు కాలేదు. కాకులు వచ్చాయి, ఒక గద్ద వచ్చింది, కరెంటు తీగ మీద పాలపిట్ట కనిపించింది. "దీన్ని మేము దసరాకే చూసినం" అని ఒకాయన గడియారం చూసుకున్నాడు. రెండో ఆదివారం ఇంకా నయం, మళ్ళీ వాళ్ళే వచ్చారు. దూరాన తుమ్మకొమ్మ మీద తెల్లకొంగను చూపించి, అది ఒంటికాలి మీద ఎందుకు నిలబడుతుందో ఐదు నిమిషాలు వివరించాను. భుజాల మీది పిల్ల ఎత్తున ఉండటం వల్ల దానికే అందరికంటే ముందు తెలిసిపోయింది. "డాడీ, అది కవరు" అంది. గాలికి ఆ కొంగ చెట్టు మీంచి లేచి, మా తలల మీదుగా ఎగిరి, ఒక ఫామ్‌హౌస్ గోడ దాటి పోయింది. మేడం ఆ సాయంత్రం నన్ను పిలిచి, పక్షులు తిరిగి వెళ్ళిపోవడానికి ఇక ఎన్నో రోజులు లేవనీ, వచ్చే ఆదివారం బాగా జరిగితే ఉద్యోగం పక్కా చేస్తాననీ చెప్పింది. బాగా జరగకపోతే ఏమిటో ఆమె చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది.

పిట్టలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. రోజూ పొద్దున పెద్దమ్మ డబ్బా చప్పుడు మా ఇంటి దాకా వినిపించేది. శనివారం సాయంత్రం చేనుకు వెళ్ళాను. ఆమె మంచె కింద కూర్చుని కాళ్ళకు అంటిన మట్టి దులుపుకుంటోంది.

"పెద్దమ్మ, రేపు పట్నం నుంచి మనుషులొస్తున్నరు. నీ చేను చూస్తరు" అన్నాను.

"నా చేన్ల ఏమున్నదిరా సూడనీకి?"

"జొన్న ఉన్నది గద. పట్నంల జొన్నచేను ఏడ దొరుకుతది? గని ఒక్క గంట నువ్వు డబ్బా కొట్టొద్దు. ఒర్రొద్దు. చప్పుడైతే వాళ్లకు పడది."

"మరి పిట్టలు?"

"ఒక్క గంటల ఎంత తింటయ్ పెద్దమ్మ."

 జొన్న కోతకు ఇంకా వారమే ఉంది. ఒక్క గంటలో ఆ గుంపు ఎంత తింటుందో ఊళ్ళో అందరికంటే ఆమెకే బాగా తెలుసు, ఆమె తర్వాత నాకు తెలుసు. "వాళ్లొస్తే నీ కొలువు పక్కా అయితదా?" అని అడిగింది. అయితదన్నాను. "సరే, ఒక్క గంట నోరు మూసుకుంట" అంది. మా పెద్దమ్మ మాటిస్తే ఇచ్చినట్టే. అందుకే నాకు ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టాల్సింది, పట్టలేదు.

తెల్లవారి ఆరున్నరకు మేడంనూ, జనాన్నీ తీసుకుని చేనుకు చేరేసరికి పెద్దమ్మ చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది. గట్టు ఊడ్చి నీళ్ళు చల్లింది. చాటలో నాలుగు మంచి కంకులు ఏరి పెట్టుకుంది, చేను చూడటానికి వచ్చే పెద్దమనుషులకు చూపించడానికి. (ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు తల దించుకోవాలనిపిస్తుంది.) పెద్దమనుషులు ఆమెను దాటి, చాటను దాటి, గట్టు అంచుకు చేరి దుర్భిణులు తీశారు. అంతలో తూర్పు నుంచి గుంపు వచ్చి చేను మీద ఒకసారి తిరిగి, డబ్బా చప్పుడు లేని ఆ వింతకు కాసేపు అనుమానపడి, మొత్తం వాలింది. కంకులు బరువుకు వంగిపోయాయి. మా వాళ్ళు ఉండబట్టలేక మెల్లగా చప్పట్లు కొట్టారు. మేడం నావైపు చూసి నవ్వింది.

పెద్దమ్మ నా దగ్గరికి జరిగి, "ఏం బిడ్డ, వీళ్లు చేను సూస్తున్నరా, పిట్టలను సూస్తున్నరా?" అని గుసగుసగా అడిగింది.

"రెండూ పెద్దమ్మ."

"నా జొన్న తింటుంటె చప్పట్లు గొడుతున్రేందిరా?"

 వెంటనే జనం వైపు తిరిగి బట్టీ పట్టిన ఉపన్యాసం అందుకున్నాను. ఈ పక్షులు ఉత్తరాన మంచుకొండల అవతలి మైదానాల నుంచి వస్తాయి, అక్కడ చలికి నేల గడ్డకడుతుంది, ఆ నాలుగు నెలలూ మన దగ్గర గడిపి ఎండలు ముదిరే ముందు తిరిగి వెళ్ళిపోతాయి, అంత దూరం ఎగరాలంటే ఒంట్లో బలం కావాలి కాబట్టి వెళ్ళేముందు ఇలా ఆత్రంగా తింటాయి, అక్కడికి పోయాకే గూళ్ళు కట్టుకుని పిల్లలను చేస్తాయి అని గడగడా ఒప్పజెప్పాను. చెబుతున్నది ఏమిటో నేను వినలేదు. నా చెవులు చేనులో గింజలు రాలే చప్పుడు మీదే ఉన్నాయి. కాసేపటికి నాకు తెలిసిందేమిటంటే, ఆ రోజు ఆ ఉపన్యాసాన్ని శ్రద్ధగా విన్న మనిషి అక్కడ ఒక్కరే ఉన్నారు.

తర్వాత జనం గట్టు పొడుగునా సర్దుకున్నారు. మోకాళ్ళ నొప్పితో టీచరమ్మ కింద కూర్చుంటే పెద్దమ్మ కూడా ఆమె పక్కన కూర్చుంది. నేను అందరికీ వెనక నిలబడి గడియారం చూసుకుంటున్నాను. పది నిమిషాలు, ఇరవై, నలభై. గుంపు మంచె దగ్గర్నుంచి మొదలుపెట్టి చేను మధ్యకు వచ్చేసింది. పెద్దమ్మ వీపు మాత్రమే నాకు కనిపిస్తోంది. ఒక్క మాట లేదు, కదలిక లేదు. యాభై నిమిషాలైనప్పుడు చూస్తే రెండు చేతులూ మొహానికి పెట్టుకుని వంగి కూర్చుని ఉంది. ఏడుస్తోందని అనుకున్నాను. నా కొలువు కోసం మాటిచ్చి, ఏడాది రొట్టె కళ్ళముందే పోతుంటే, అరవడానికి కూడా లేక మా పెద్దమ్మ చర్చి చీరలో కూర్చుని ఏడుస్తోంది.  ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను. (ఆ క్షణంలో నా త్యాగానికి నేనే ఎంతో మురిసిపోయానని కూడా ఒప్పుకోవాలి.) వంగి మట్టిపెల్ల తీసి, "హో... హోయ్" అని పాత కేక పెట్టి, బలం కొద్దీ విసిరాను. గురి తప్పలేదు, చేను నడిమధ్యలో పడింది.

ఎకరం చేను ఒక్కసారిగా పైకి లేచినట్టయింది. అన్ని రెక్కలు ఒకేసారి కొట్టుకుంటే వాన మొదలైనంత చప్పుడు వచ్చింది. గుంపు మొత్తం ఒక పక్కకు వాలితే నల్లగా కనిపించింది, ఇంకో పక్కకు తిరగ్గానే పొద్దు తగిలి గులాబీ రంగయింది. అలా మూడుసార్లు మా తలల మీద తిరిగి ఉత్తరం దిక్కు సాగిపోయింది.  భుజాల మీది పిల్ల, "మళ్ళీ" అంది.

పెద్దమ్మ వెనక్కి తిరిగింది. కళ్ళల్లో నీళ్ళు లేవు. రెండు చేతుల్లో టీచరమ్మ దుర్భిణి ఉంది.

"ఎవడురా కొట్టింది?" అంది. నన్నూ, నా చేతికి అంటిన మట్టినీ చూసింది. "నీ చెయ్యి పడిపోను. సూస్తున్న గదరా. నలభై ఏండ్ల సంది కొట్టుడే గని ఒక్కనాడన్న సూసిన్నా? ఒకటి నా దిక్కే మొకం బెట్టి కంకి వొలుస్తున్నది. దాని మెడ కాడ నల్లీకలు ఎట్ల మెరుస్తున్నయనుకున్నవ్. నడుమల జెడగొడితివి."

"పెద్దమ్మ, నీ జొన్న..."

"జొన్న తిన్నంత తిన్నయ్, నువ్వు కొడితే కక్కుతయా? గంత దూరం పోతయని నువ్వే జెప్తివి. సద్ది గట్టుకుంటున్నోళ్లను ఎవడన్న కొడ్తడారా?" అని, టీచరమ్మ వైపు తిరిగి, "గంట అయిందా అమ్మా?" అని అడిగింది. ఆమె గడియారం చూసి, ఇంకా ఎనిమిది నిమిషాలుందని చెప్పింది. పెద్దమ్మ ఖాళీ చేను వైపు తిరిగి ఆ ఎనిమిది నిమిషాలూ అలాగే కూర్చుంది. మాటిచ్చింది ఆమె కాబట్టి గంట ఆమెదే. గింజలూ దక్కలేదు, ఆమెకు చూసే ముచ్చటా తీరలేదు. రెంటికీ చెడ్డ రేవడిని ఆ పొద్దున నేను స్వయంగా తయారుచేశాను.

ఉద్యోగం పోలేదు. తిరిగి వచ్చేటప్పుడు మేడం, "ఆ విసరడం ఎక్కడ నేర్చుకున్నారు?" అని మాత్రం అడిగింది. మంచె, వడిసెల, ఊళ్ళో నా పేరు, అన్నీ చెప్పేశాను. మేడం నవ్వు ఆపుకుని, కొలువు ఇస్తాను గానీ ఇకమీదట నడకల్లో టెలిస్కోపూ దాని మూడుకాళ్ళ స్టాండూ మీరే మోయాలి అంది. నా రెండు చేతులూ ఖాళీగా ఉండకూడదన్నది ఆమె ఉద్దేశం. ఆ వారం పెద్దమ్మ జొన్న కోసినప్పుడు కట్టలు మోయడానికి వెళ్ళాను. చేను మధ్యలో కంకులన్నీ పొట్టుగా ఉన్నాయి. "తప్పయింది పెద్దమ్మ. చేను చూడనీకి వస్తున్నరని అబద్ధం చెప్పిన" అన్నాను. ఆమె కొడవలి ఆపలేదు. "నాకు ఎర్కలేదా? నీ కొలువుకని సరే అన్న" అంది. ఆ ఏడు ఎండాకాలం చివర్లోనే ఆమె ఇంట్లో రొట్టె ఆగిపోయి రేషను బియ్యం మొదలయ్యాయి. నా జీతంతో జొన్నలు తీసుకెళ్ళాను. పుచ్చులున్నాయని తిట్టి తీసుకుంది.

మరుసటి ఏడు గుంపు వచ్చిందని తెలిసి, పెద్దమ్మ కోసం ఒక దుర్భిణి పట్టుకుని చేనుకు పరుగెత్తాను. ఆమె మంచె మీద డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. దుర్భిణి ఇస్తే వద్దంది. "సూస్తవనుకుంటి గద పెద్దమ్మ?" అన్నాను. "సూస్తే కడుపు నిండుతదారా? ఆ ఒక్క గంట సూసిన, సాలు" అంది. గుంపు వాలింది. ఆమె కట్టె ఎత్తింది, కానీ వెంటనే దించలేదు. పిట్టలు కంకుల మీద సర్దుకునేదాకా, మెడ చాచి, కళ్ళు చిట్లించి చూస్తూ నిలబడింది. నేను ఏదో అనబోతే ఎడమచెయ్యి ఎత్తి ఆపింది. ఆ తర్వాతే డబ్బా మోగింది.

ఇప్పటిదాకా నేను మొయినాబాద్, చేవెళ్ళ వైపు ఇలాంటి నడకలు చాలా నడిపించాను. ఏ చేను గట్టు మీదికి జనాన్ని తీసుకెళ్ళినా, వాళ్ళు దేన్ని చూడటానికి వస్తున్నారో ఆ రైతుకు ముందే చెబుతాను. కొందరు వద్దంటారు, వెనక్కి తిరుగుతాం. టెలిస్కోపు మోయడానికి వేరే కుర్రాళ్ళు ఉన్నా నేనే మోస్తాను, అలవాటు. కానీ పెద్దమ్మ కట్టె ఎత్తి ఆగిన ఆ కాసేపును మాత్రం పుస్తకాలు చదివి, చేతులు కట్టేయించుకుని, ఇన్నేళ్ళు తిరిగి కూడా నేను సరిగ్గా నేర్చుకోలేదు. పక్షి కనబడగానే నాకు ఇప్పటికీ దాని పేరు చెప్పాలనిపిస్తుంది.