దేవదూత లోడు, మరిగిన ఇంజను

మొన్న శనివారం నేనూ మా ఆవిడా పడ్డ పాట్లు చెప్తే మీరు నమ్మరు. మిట్టమధ్యాహ్నం, ఎండ నెత్తిన మండుతుంటే, పికప్పులో హీటర్ ఫుల్లుగా పెట్టుకుని కారంపూడి రోడ్డు మీద ఉడికిపోతా వచ్చాం! పిచ్చి పట్టి కాదులెండి. వినండి.

మాది శావల్యాపురం పక్కన పల్లె. మా చర్చి ముందు నిలబెట్టటానికి దుర్గిలో రాతి దేవదూతను చెక్కించారు. ఆ సాయంత్రమే బిషప్ గారొచ్చి దీవించాలి. నాకు డీజిల్ పికప్పు ఉంది కదాని, తెచ్చే పని ఫాదర్ గారు నాకు అప్పజెప్పారు. మా ఆవిడ స్టెల్లా కూడా బయల్దేరింది.

"నువ్వు ఒక్కడివే పోతే, ఆ దేవదూతతో కబుర్లు చెప్పుకుంటా పోయి కృష్ణలో దిగుతావు" అంది. నా డ్రైవింగ్ మీద ఆమెకున్న నమ్మకం అది.

దుర్గి శిల్పిగారు జన్మంతా అమ్మవార్లనే చెక్కాడంట. దేవదూత ఇదే మొదలు. అందుకేనేమో, మొహంలో లక్ష్మీకళ ఉట్టిపడుతుంది. ముక్కుపుడక ఒక్కటే తక్కువ! నాకు మాత్రం చానా నచ్చింది. రెక్కలతో సహా ఒకే రాయి, పికప్పు తొట్టిలో పట్టలేదు. ట్రాలీలో గడ్డి పరిచి, క్రేనుతో ఎత్తి వెల్లకిలా పడుకోబెట్టి, తాళ్ళు బిగించి, ఆ ట్రాలీని మా బండి వెనక తగిలించారు.

"బరువు ఎక్కువ బాబూ, నిదానంగా పో" అన్నాడాయన.

నిదానంగానే పోయా. కుడి అద్దంలో చూస్తే ఒక రెక్క. ఎడమ అద్దంలో చూస్తే ఇంకో రెక్క. అచ్చం నా పికప్పుకే రెక్కలొచ్చినట్టు! రోడ్డుకు రెండుపక్కలా కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నయ్. గాలికి వాటి ఘాటు సన్నగా వస్తా ఉంది. టైర్లు నేలకు ఆనుతున్నట్టే లేదు నాకు. రోడ్డు చూస్తన్నా, ఈ అద్దం చూస్తన్నా, ఆ అద్దం చూస్తన్నా. చూడనిది ఒక్కటే, టెంపరేచర్ ముల్లు.

"ఏమయ్యా, ఆ ముల్లేంది ఎర్రగీత మీదికి పోయింది?"

"ఎక్కుడు రోడ్డు కదే, ఎక్కుద్ది."

"ఎక్కాల్సింది బండి! ముల్లు కాదు!"

వేపచెట్టు కింద ఆపి బానెట్ ఎత్తా. పొయ్యి మీది డేగిసా మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది. రేడియేటర్ మూత తిప్పబోతుంటే స్టెల్లా నా చెయ్యి లాగేసింది. "ఇప్పుడు తీశావంటే మరిగే నీళ్ళు మొహాన చిమ్ముతయ్! చల్లారనీ!"

ఫోన్ తీసి మా బామ్మర్ది జోజికి కొట్టా. లారీ నడుపుతాడు వాడు.

"బాటిల్లో కూలెంట్ ఉందా బావా?"

"గీత దాకా ఉంది."

"ఎక్కడన్నా కారుతుందా?"

"చుక్క లేదు."

"ఫ్యాను, బెల్టు?"

"తిరుగుతున్నయ్ రా."

"ఖాళీగా తిరిగేటప్పుడు ఎప్పుడన్నా ఇట్టా ఎక్కిందా?"

"లేదు."

"అయితే బరువు లాగలేక మరుగుతుంది. ఏసీ ఆపు. థర్డ్ గేర్ దాటబాక. హీటర్ ఫుల్లుగా పెట్టు."

"హీటరా? ఒరేయ్, ఇది పల్నాడురా!"

"ఇంజను వేడి కాస్త మీ మీదికి వస్తది బావా. మీరు ఉడికినా ఇంజను బతుకుద్ది!"

ఇంజను చల్లారినాక హీటర్ పెట్టుకుని బయల్దేరాం. అద్దాలు దించినా సరే, ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టుంది. ముల్లు మాత్రం నిజంగానే దిగింది! స్టెల్లా చీర చెంగుతో నా నుదురు తుడుస్తా, తన నుదురు తుడుచుకుంటా ఉంది. ఎదర రోడ్డు మీద ఎండమావి, నీళ్ళు పారుతున్నట్టు మెరుస్తుంది. అద్దంలో గాలి వణుకుతుంది. దాంతోపాటు రెక్క కూడా.

"ఏమే, రెక్కలాడిస్తుందే!"

"ఆడించేది ఆమె కాదు. నీ తల తిరుగుతుంది. మంచినీళ్ళు తాగు."

ఇంకో ఎక్కుడు వచ్చింది. ముల్లు మళ్ళీ ఎర్రగీత మీదికి! ఓ మిరప కళ్ళం పక్కన ఆపేశా. సరిగ్గా అప్పుడే ఫాదర్ గారి ఫోను. "ఎక్కడున్నావు నాయనా? బిషప్ గారు నరసరావుపేటలో బయల్దేరారు!" "వచ్చేస్తన్నాం ఫాదర్" అని పెట్టేశా. ఊరంతా పూలదండలు పట్టుకుని నిలబడి ఉంటుంది. నేనేమో ఇక్కడ దేవదూతను నడిరోడ్డు మీద పడుకోబెట్టా.

కళ్ళంలో తాలుకాయలు ఏరుతున్న ఓ ముసలమ్మ లేచొచ్చి చూసింది. "ఏ అమ్మోరయ్యా?"

"అమ్మోరు కాదమ్మా, దేవదూత."

"ఎవరైతే ఏంది, మొహాన గుడ్డయినా కప్పకుండా ఎండలో తీసకపోతారా?" అని తన తలగుడ్డ తీసి దేవదూత మొహం మీద కప్పింది.

ఈలోగా స్టెల్లా బండి ముందు వంగి, జాలీలోంచి లోపలికి చూస్తుంది. "ఇదేంది, తెల్లగా?" అంది. తలపిన్ను తీసి లోపలికి పోనిచ్చి లాగింది.

దూది! లాగేకొద్దీ వస్తానే ఉంది. మూరెడు వచ్చింది. ఇంకా వస్తుంది!

అప్పటికి వెలిగింది నాకు. ఈ సీజనంతా పత్తి తోలా. జిన్నింగ్ మిల్లు ముందు లైన్లో నిలబడ్డప్పుడల్లా ఎగిరే నూగంతా ఫ్యాను లోపలికి పీల్చుకుంది. అదంతా రేడియేటర్ ముందు పరుపు పరిచినట్టు అతుక్కుపోయింది. ఖాళీ బండికి ఎట్టనో సరిపెట్టుకున్న ఇంజను, రాయి లాగమనేసరికి గాలాడక మరిగిపోయింది. ఇంజనుకు నేనే బొంత కప్పి, పైగా హీటర్ కూడా పెట్టా!

ముసలమ్మ కూడా ఓ చెయ్యి వేసింది. ముగ్గురం పీకుతున్నాం. ఉన్నట్టుండి గాలి లేచింది. పీకిన దూదంతా పైకి లేచి, ఎర్రటి కళ్ళం మీదుగా, దేవదూత రెక్కల మీదుగా, మెల్లగా, చానా మెల్లగా తేలిపోతుంది. ఒక్క చప్పుడు లేదు. బిషప్ గారు, ముహూర్తం, అన్నీ మర్చిపోయి నోరు తెరుచుకుని నిలబడ్డా.

"ఏమయ్యోవ్!" ముసలమ్మ కేక. "నా మిరపకాయల్లో పడిన దూది ఎవరు ఏరుతారు, మీ బిషప్పా?"

ఏరాం. ఏరకుండా కదలనిస్తేనా! తర్వాత బండి తీస్తే ముల్లు సగం దగ్గరే బుద్ధిగా నిలబడింది. మేము ఊళ్ళోకి తిరిగేసరికి బిషప్ గారి కారు సరిగ్గా మా వెనకే ఉంది. బ్యాండువాళ్ళు ముందు ఎవరికి వాయించాలో తెలియక ఇద్దరికీ కలిపి వాయించారు.

సోమవారం ట్రాలీ తిరిగివ్వటానికి దుర్గి పోయాం. తాళాలు స్టెల్లా లాక్కుంది. తనే తోలింది, నాకన్నా బాగానే తోలింది. నాకిచ్చిన పని ఒకటే, పక్క సీట్లో కూర్చుని ముల్లు చూడటం.

కాసేపయ్యాక అడిగింది. "ఎక్కడుందయ్యా?"

"చానా పైకి పోయిందే..." అన్నా.

సడన్ బ్రేకు! నా తల వెళ్ళి డాష్‌బోర్డుకు తగిలింది. బొప్పి ఇంకా ఉంది, చూడండి.

నేను చెప్పింది ఆకాశంలో తిరుగుతున్న గద్ద సంగతి.