పొగరు మేస్త్రి

కోడిగుడ్లు పొదిగించే హేచరీలో పిల్లల గది చూసే మేస్త్రి దృష్టిలో లోకంలో జబ్బు అనేదే లేదు, ఉన్నదల్లా పొగరు. గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ కోడిపిల్ల కాళ్లు చెరోవైపు జారిపోయి కూలబడితే, నలుగురూ దాన్ని అవిటిదంటారు. ఆయన మాత్రం నిలబడడం దానికి నామోషీ అని తీర్పు చెబుతాడు. నీళ్లు ముట్టకపోతే అలక. ముడుచుకుని కూర్చుంటే దొరతనం. తనకు జ్వరమొచ్చిన రోజున కూడా ఒంటికి పొగరెక్కిందనే దుప్పటి కప్పుకున్నాడు.

ఆయన దగ్గరే పనిచేసే మేనకోడలికి ఈ ధోరణి అంటే ఒళ్లుమంట. పుట్టుక నుంచీ ఆమె ఎడమకాలు కాస్త ఈడుస్తుంది. బడిపిల్లలు వెక్కిరించారని ఏడుస్తూ వచ్చిన నాడు ఈ మేనమామ అందరూ వినేలా, "దాని కాలికేమీ కాలేదు. నడకలో పొగరు, అంతే" అని ప్రకటించాడు. ఓదార్పు కోసం వెళితే నేరం మోపిన మనిషిని ఆమె ఇంతవరకూ క్షమించలేదు.

ఆయన నోటికీ చేతికీ మాత్రం ఎన్నడూ పొత్తు కుదరలేదు. జారే కాళ్ల మధ్య చిటికెనవేలు పట్టేంత సందు వదిలి అంటుపట్టీ చుడతాడు. ట్రేలో నున్నటి కాగితం తీసేసి గరుకు గుడ్డ పరుస్తాడు. వేళ్లు ముడుచుకున్నదానికి అట్టముక్కతో చెప్పు తొడుగుతాడు. రెట్ట ఎండి వెనుక అంటుకుపోతే గోరువెచ్చని తడిదూదితో నానబెట్టి, ఈకైనా ఊడకుండా తుడుస్తాడు. తుడిచినంతసేపూ, ఇంత వయసొచ్చింది, సిగ్గులేదా అని నిలదీస్తాడు. దాని వయసు ఒక పూట.

జబ్బుపిల్లలను ఏ పూటకాపూట ఏరి పారేయాలన్నది అక్కడి నియమం. లోకాన్ని ఇంకా సరిగా చూడనైనా లేని ప్రాణికి విచారణ లేకుండా శిక్ష వేసే ఆ వాక్యాన్ని ఏ మనసుతో రాశారో గాని, గోడకు మాత్రం అందంగా అంటించారు.

ఒకనాడు పిల్లలను తిట్టీ తిట్టీ మేస్త్రి గొంతు పూర్తిగా పోయింది. సరిగ్గా ఆ రోజే యజమాని తనిఖీకి వచ్చి, పట్టీలు కట్టిన పిల్లల ట్రే ముందు ఆగాడు. ఇవన్నీ జబ్బువేనా అని అడిగాడు. మేస్త్రి నోరు తెరిచాడు. గాలి తప్ప మాట రాలేదు. యజమాని చెత్తబుట్ట వైపు చూశాడు.

మేస్త్రి రెండు చేతులూ ట్రే మీద రెక్కల్లా పరుచుకున్నాయి. మేనకోడలు ఆ చేతులను చూసింది. జబ్బు అన్న ఒక్క మాట బయటికి వస్తే ట్రే మొత్తం బుట్టలోకి పోతుంది. ఆ మాటను ఇన్నేళ్లూ ఆయన ఈ గది గడప దాటనివ్వలేదు. అంతకు ఎంతో ముందు, తన కాలి మీదా పడనివ్వలేదు.

"జబ్బు కాదండీ," అన్నదామె.

"మరి ఆ పట్టీలేమిటమ్మాయీ?"

"పొగరండీ. కట్టకపోతే ఆగవు."

యజమాని నమ్మకం కుదరక ట్రేలో వేలు పెట్టాడు. అట్టచెప్పు వేసుకున్న పిల్ల ఒకటి టకటకా నడిచి వచ్చి ఆ వేలిని పొడిచింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, నిజమేనని ఒప్పుకుని పక్క గదికి వెళ్లిపోయాడు.

మేస్త్రి గుక్కెడు నీళ్లు తాగి, ఎలాగో గొంతు పెగల్చుకున్నాడు.

"యజమానికే ఎదురు చెబుతావా? ఎంత పొగరే నీకు."

"మేనమామ పోలిక, మామయ్యా," అంటూ ఆమె కాలీడ్చుకుంటూ, తల ఎత్తుకుని, ఇంకో ట్రే తేవడానికి వెళ్లింది.