లెక్క సరిపోయిన బండి

గండికోటకు వచ్చేవాళ్లకు కోట చూపించడం నా పని. పొద్దున ఎనిమిదికల్లా జమ్మలమడుగు నుంచి వచ్చి కోటవాకిలి దగ్గర నిలబడతాను. మసీదు, ధాన్యాగారం, గుడి, ఆఖరున పెన్నానది లోయ. లోయ అంచుకు తీసుకెళ్లి నిలబెట్టగానే ఎంత వాగుడుకాయ అయినా ఒక నిమిషం నోరు మూసుకుంటాడు. ఆ నిమిషమంటే నాకు గర్వం. లోయను నేనేదో తవ్వించినట్టు పక్కన చేతులు కట్టుకుని నిలబడతాను.

పోయినేడు ఒక కబురు వచ్చింది. కోట చుట్టూ తిప్పడానికి బ్యాటరీ బండి తెస్తారట, అందులో మైకు పట్టుకుని చెప్పే మనిషిని నెలజీతం మీద తీసుకుంటారట. అంతకు ముందు విశాఖపట్నంలో మూడు రోజుల శిక్షణ. నేను ఎగిరి గంతేశాను. మా ఆయనకు తుమ్మలపల్లె గనిలో పని, సెలవు దొరకలేదు. "అమ్మను తోడు తీసుకపో, సముద్రం చూడాలని ఎప్పట్నుంచో అంటాండాది" అన్నాడు.

మా అత్త నాకు సొంత మేనత్త కూడా. అరవై దాటిన మనిషి. ఊహ తెలిసినప్పటి నుంచి మేకలూ గొర్రెలూ కాసింది. జీవాలను అమ్మడానికి పులివెందుల సంత దాకా, గాజులకూ చీరలకూ ప్రొద్దుటూరు దాకా, అంతకు మించి ఎక్కడికీ పోలేదు. గొంతు మాత్రం చాలా దూరం పోతుంది. ఈ గుట్ట మీద నిలబడి ఆ గుట్ట మీది వాళ్లతో మాట్లాడిన గొంతు అది. పక్కన కూర్చుని చెవిలో చెప్పే మాట కూడా మూడిళ్ల అవతలికి వినబడుతుంది. పెళ్లయిన కొత్తలో మా ఇంట్లో రహస్యమనేదే ఉండేది కాదు.

కడపలో రైలెక్కి పోయాం. అత్తను బసలో ఉంచి మూడు రోజులూ శిక్షణకు వెళ్లొచ్చాను. చివరి రోజు మా అందరి చేతా తలా పది నిమిషాలు మాట్లాడించారు. నేను గండికోట గురించి చెప్పాను. బాగా చెప్పానని నాకు తెలుసు. విన్న పెద్దాయన తల ఊపి, "విషయం బాగా తెలుసమ్మా నీకు. భాష ఒక్కటీ కాస్త దిద్దుకోవాలి. బయటివాళ్లు వింటారు కదా, మొరటుగా ఉంటే బాగుండదు" అన్నాడు. చెడ్డగా ఏమీ అనలేదు. నవ్వుతూనే అన్నాడు. అయినా ఆ రాత్రి నన్ను రెండు పట్టుకున్నాయి. ఉద్యోగం వస్తుందో రాదో అనే బెంగ ఒకటి, నా నోరే నాకు అడ్డమయిందనే కోపం ఒకటి.

మర్నాడు ఆదివారం. మా శిక్షణ వాళ్లు నగరం చూపించే ట్రాలీ బండికి రెండు టికెట్లు ఇచ్చారు, ఒక గైడు ఎలా చెబుతాడో చూసి నేర్చుకోమని. ట్రాలీ అనగానే మా అత్త ట్రాక్టరు వెనక తగిలించేదనుకుని, కూర్చోను గోనెపట్టా ఒకటి కావాలంది. తీరా చూస్తే నాలుగు పక్కలా తెరిచి ఉన్న పసుపురంగు బండి, చెక్క సీట్లు, పైన గుడ్డ కప్పు. గైడు కుర్రతనం వదలని మనిషి, ఇస్త్రీ చొక్కా, మైకు. ఎంత బాగా మాట్లాడాడో! ప్రతి మాట చివర "అండీ", ఎక్కడా తడబాటు లేదు. నేను నోట్‌బుక్కు తీసి రాసుకోవడం మొదలుపెట్టాను. ఎక్కేటప్పుడు ఒక్కొక్కరి తల మీదుగా వేలు ఊపుతూ లెక్కపెట్టాడు. ఇరవై రెండు మంది.

మా ముందు సీట్లో బయటి అంచు వైపు ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఎడమకాలు ఈడుస్తూ నడుస్తాడు, వెంట ఎవరూ లేరు, గుడ్డసంచి ఒకటి ఉంది. మా అత్త సముద్రం కోసం మెడ చాచడం చూసి, "మీరు ఈ పక్కకు రండమ్మా" అని లేచి తన చోటు ఇచ్చాడు. తాను మా అత్త చోటులో, నా పక్కన సర్దుకున్నాడు. సంచిని సీటు కిందకు తోశాడు.

బీచ్ రోడ్డు మలుపు తిరగగానే సముద్రం కనబడింది. గైడు చెప్పేది ఆపి అందర్నీ చూడనిచ్చాడు. నేను కూడా నోరు తెరిచాను. ఆ నిశ్శబ్దంలో మా అత్త గొంతు లేచింది.

"ఏమప్పా, ఇన్ని నీళ్లుండాయి గదా, జీవాలు తాగవా?"

బండి మొత్తం వెనక్కి తిరిగింది. గైడు మర్యాదగానే, "ఉప్పునీళ్లండి, తాగవు" అన్నాడు.

"ఒక్క మేక్కన్నా పనికి రాకపోతే, మరి ఇన్ని నీళ్లు ఎందుకప్పా?"

నవ్వులు. మా వెనక సీట్లో ఎవరో "ఉండాయి గదప్పా" అని సాగదీసి అన్నారు, ఇంకెవరో కిసుక్కుమన్నారు. మా అత్త ఆ నవ్వు తన ప్రశ్నకు అనుకుని తానూ నవ్వింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ప్రశ్నలో తప్పేముంది? వాన కోసం మొగులు చూసి చూసి మెడలు పట్టుకుపోయే సీమ మాది. ఎండాకాలం పది జీవాలకు తొట్టెడు నీళ్లు దొరక్క మూడు గుట్టలు దాటి తోలుకుపోయిన మనిషి ఆమె. అన్ని నీళ్లు ఒకచోట ఊరికే పడి ఉంటే ఇంకేం అడుగుతుంది? అప్పుడు మాత్రం నాకు చెవులు కాలిపోయాయి. ముందు రోజు శిక్షణలో ఆ పెద్దాయన అన్న మాటే మళ్లీ అందరూ కలిసి నా మొహాన అన్నట్టయింది.

బండి ఆగగానే అత్త చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను. "అత్తా, నువ్వు బండి దిగేదాకా ఇంక నోరు తెరవొద్దు. గమ్మునుండు. అందరూ నవ్వుతాండారు."

"నేనేమంటిమ్మే?"

"ఏమనకు. ఏమీ అనొద్దు."

మా అత్త "సరేలే" అని కొంగు లాగి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె అంత సులభంగా ఒప్పుకున్నందుకు నాకు హాయిగా అనిపించింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, హాయిగానే అనిపించింది.

తర్వాత కొండ మీది పార్కు దగ్గర ముప్పావుగంట ఆపారు. అక్కడి నుంచి చూస్తే ఊరూ సముద్రమూ ఒక్క చూపులో పడతాయి. నేను గైడు వెనకే తిరిగి అతని మాటలన్నీ రాసుకున్నాను. తిరిగి ఎక్కేటప్పుడు అతను మళ్లీ వేలు ఊపి లెక్కపెట్టాడు. "ఇరవై రెండు. అందరూ వచ్చేశారండి, బయల్దేరదాం." నా పక్క చోటులో ఎవరో కూర్చున్నారు. నేను నోట్‌బుక్కులోంచి తల ఎత్తలేదు.

బండి కదిలింది. మా అత్త ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి నా మోకాలు మీద తట్టింది. నేను పెన్ను ఆపకుండానే, "గమ్మునుండత్తా" అన్నాను. కొండ దిగే మలుపులో మళ్లీ తట్టింది. ఈసారి గట్టిగా చూశాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

కింద చేపల రేవు దగ్గర పడవలు చూపించారు. అక్కడి నుంచి ఇసుకలోకి తీసుకెళ్లారు. అందరూ నీళ్లల్లో కాళ్లు పెట్టారు. నేను ముంత మసాలా కొనుక్కొచ్చి ఇచ్చాను. ఆమె పొట్లం చేతిలో పట్టుకుని కూర్చుంది, తినలేదు. సముద్రం కోసం రైల్లో రాత్రంతా కునుకు తీయని మనిషి, సముద్రానికి వీపు పెట్టి కొండ వైపు చూస్తోంది.

"ఏమత్తా, ఒళ్లు బాగలేదా?"

కొంగు తీయకుండానే అడిగింది: "ఇప్పుడు మాట్లాడొచ్చునా?"

"మాట్లాడు."

"ఆ కాలీడ్చే పెద్దాయన రాల్యామ్మే. కొండ మీదనే ఉండిపోయినాడు."

నాకు వెంటనే తలకెక్కలేదు. "లెక్క సరిపోయింది గదత్తా, ఇరవై రెండు."

"లెక్క సరిపోతే సరిపోయిండొచ్చు. మనిషి రాల్యా. నీ పక్కన కూర్చున్న పాప పొద్దున మన్లో లేదు. యాడనుంచి వచ్చి కలిసిందో. ఆయన సంచి ఆ సీటు కిందనే ఉండాది."

మా ఇళ్లల్లో జీవాలను లెక్కపెట్టరు. లెక్కపెడితే తగ్గిపోతాయని భయం. చిన్నప్పుడు నేను ఒకసారి వేలు చూపించి ఒకటి, రెండు అంటుంటే ఈ అత్తే నా వేలు మీద కొట్టింది. సాయంత్రం దొడ్డి వాకిట్లో నిలబడి ఒక్కొక్కదాని మొహం చూస్తుంది, అంతే. అన్నిటికన్నా ముందు చూసేది కుంటిదాన్ని. మందలో వెనకబడేది అదే, తోడేలు నోట పడేదీ అదే కాబట్టి, అది వాకిలి దాటేదాకా మా అత్త తడిక మూయదు. నేను కోటలో చేసే పనికి ఇంత పనికొచ్చే చదువు ఇంకోటి లేదు. అది మా ఇంట్లోనే ఉండగా నేను నోట్‌బుక్కు పట్టుకుని ఇంకెక్కడో వెతుకుతున్నాను.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదత్తా?"

"నువ్వే గదమ్మే నోరు తెరవొద్దంటివి. రెండు తూర్లు తట్టితి గదా."

ఆ మాటలో కోపం లేదు. నేను చెప్పిన పని చేశానన్నట్టు అంది. ఎండ నడినెత్తిన ఉంది. కొండ మీద వదిలేసి రెండు గంటలు కావస్తోంది.

ఇసుకలో గైడు చాలా దూరంగా, ఎవరికో ఫోటో తీస్తున్నాడు. నేను లేచి ఒక్క అరుపు అరిచాను. "అప్పా! ఓ అప్పా! బండి తిప్పుదురు రాండి! మనిషొకాయన కొండ మీద ఉండిపోయినాడు!" మా అత్త గొంతు నాకూ వచ్చిందని ఆ రోజే తెలిసింది. బీచ్ బీచంతా తిరిగి చూసింది. నేను దిద్దుకున్నది, రాసుకున్నది ఒక్క ముక్క కూడా నోట్లోకి రాలేదు.

గైడు పరుగెత్తుకొచ్చాడు. "ఇరవై రెండు సరిగ్గానే ఉన్నారండి" అన్నాడు. ఆ అమ్మాయిని పిలిచాం. చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసి, తెల్లబోయి చుట్టూ చూసింది. ముందు వెళ్లిన బండి ఆమెను వదిలేసి పోయిందట. కొండ మీద అదే పసుపురంగు బండి కనబడగానే తనదే అనుకుని ఎక్కేసిందట. సీటు కింద సంచి తీసి చూస్తే అందులో ఫోనుంది, నీళ్ల సీసా ఉంది, మాత్రల డబ్బా ఉంది. గైడు మొహంలో రంగు పోయింది. పాపం, అతని తప్పు కూడా ఏముంది, అతను నేర్చుకున్నది లెక్కపెట్టడమే కదా.

బండి వెనక్కి తిప్పారు. కొండ ఎక్కేంతసేపూ అందరూ మెడలు చాచి రోడ్డు పక్కన వెతుకుతూనే ఉన్నారు, వెనక సీటు వాళ్లతో సహా. ఆయనకేమన్నా అయితే అది నా వల్లే. గైడు వల్లా కాదు, ఆ అమ్మాయి వల్లా కాదు. తెలిసిన మనిషి నోరు మూయించింది నేను.

బండి ఆగే చోటే, రాతి అరుగు మీద పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పక్కన చెట్టు నీడ ఉంది గానీ, నీడలోకి పోతే బండి వస్తే కనబడనేమోనని ఎండలోనే కూర్చున్నాడట. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది, పెదాలు ఎండిపోయాయి. మధ్యాహ్నం మాత్ర వేళ దాటిపోయింది. గైడు నీళ్లు పట్టించి మాత్ర ఇచ్చాడు, నేను నోట్‌బుక్కుతో గాలి విసిరాను. దానికి ఆ రోజు అదొక్కటే ఉపయోగం. కాసేపటికి ఆయనకు మాట వచ్చింది. మా అందరి వైపూ చూశాడు.

"బండిలో నాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. నేను లేనని ఎవరు చూశారమ్మా?"

అందరూ మా అత్త వైపు తిరిగారు. ఆమె నోటికి ఇంకా కొంగు అడ్డమే ఉంది. పెద్దాయన వైపు కాకుండా, చెప్పొచ్చునా అన్నట్టు నా మొహం వైపు చూసింది.

నేను దగ్గరకు పోయి, నా చేతులతోనే ఆ కొంగు తీసి భుజం మీద వేశాను. "చెప్పత్తా" అన్నాను. "గట్టిగా చెప్పు."